పదును లేని మెప్పులు

నిర్మొహమాటంగా లోపాలు చెప్పమని అడిగినవాణ్ణి మొహమాటపడి మెచ్చుకొని పంపించడం మన సాహిత్యసభలకు మాత్రమే అబ్బిన విద్య కాదు. చేతితో కత్తులు చేసే అమెరికా ఔత్సాహికుల్లో కూడా ఈ జాడ్యం నిండుగా ఉంది. వీరిలో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసికొంటూ, సెలవురోజుల్లో గ్యారేజీలో చిన్న గ్యాసుకొలిమి, దాగలి, సానపట్టే యంత్రం పెట్టుకొని పనిచేసేవారు. 2015లో ‘ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్’ అనే టీవీ పోటీ మొదలయ్యాక ఈ సరదా మరింతమందికి అంటుకొంది. కత్తి పూర్తికాగానే నాలుగు ఫొటోలు తీసి, ‘మీ విమర్శ కావాలి’ అంటూ తోటివారికి చూపిస్తారు. జవాబులు ఎలా ఉంటాయో చూడకుండానే చెప్పవచ్చు. కర్ర ఎంత అందంగా ఉందో, మెరుపు అద్దంలా ఉంది, ఇది మీ మూడో కత్తి అంటే నమ్మలేకున్నాం, ఇలాగే కానివ్వండి... ఇందులో విమర్శ లేకపోవడం అటుంచి, అడిగిన మనిషికి ఇది అపకారమని నా వాదం.

ఎందుకో తెలియాలంటే కత్తి ఎక్కడ తయారవుతుందో కాస్త చెప్పుకోవాలి. రూపం సుత్తితోను సానతోను వస్తుంది గాని, కత్తితనం వేడితో వస్తుంది. కొత్తవారు తరచు వాడే 1084 అనే ఉక్కునే తీసికొందాం. అందులో సుమారు 0.84 శాతం కర్బనం ఉంటుంది. దాన్ని దాదాపు 815 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి వెంటనే నూనెలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసుబారుతుంది. ఆ పెళుసుతనం తగ్గడానికి మళ్ళీ 200 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో చొప్పున రెండుమార్లు కాచాలి. మొదటి వేడి మితిమీరితే ఉక్కులోని రేణువులు పెరిగిపోయి, వాడకంలో వాదర పలుకులుగా రాలుతుంది. తక్కువైతే గట్టిపడక మడత పడుతుంది. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది కనుక, అదే గురుతుగా పెట్టుకొని అక్కడికక్కడే నూనెలో ముంచేసేవారు ఎందరో. ఇంకొంచెం పైకి పోవాలయ్యా అని చెప్పేవాడు దొరకడు. ఈ తప్పుల్లో ఏ ఒక్కటీ ఫొటోలో కనిపించదు. సరిగా కాగిన కత్తీ, చెడిపోయిన కత్తీ ఒకే మెరుపుతో మెరుస్తాయి. (తెలుగులో ‘పదును’ అన్న ఒక్క మాటకే వాడి అనీ, లోహానికి పట్టించే పాకం అనీ రెండర్థాలున్నాయి. ఈ రెండింటినీ విడదీయలేమని మన కమ్మరులకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.)

కనిపించనిదాన్ని వదిలి కనిపించేదాన్నే పొగుడుతూ పోతే, చేసేవాడు కూడా కనిపించేదాని మీదనే చెమటోడుస్తాడు. గరుకుకాగితం 400 నుంచి 2000 దాకా మారుస్తూ రోజుల తరబడి అలుగును రుద్దినవాడు, వాదర వెనుక ఉక్కు ఎంత మందాన ఉందో ఒక్కసారి కొలిచి ఉండడు. కూరలు తరిగే కత్తికి, పదును పెట్టకముందు, వాదర దగ్గర అర మిల్లీమీటరుకు మించి ఉండనక్కరలేదు. ఒకటిన్నర మిల్లీమీటర్లు వదిలేసిన అలుగులు కోకొల్లలు. అటువంటి కత్తి చేతిమీది వెంట్రుకలు గొరుగుతుంది. క్యారెట్టును మాత్రం కోయదు. గొడ్డలి కట్టెను చీల్చినట్లు చీలుస్తుంది. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త, 2020లో వచ్చిన ‘నైఫ్ ఇంజనీరింగ్’ గ్రంథకర్త, రకరకాల ఉక్కులతో కోతపరీక్షలు చేసి, పదును ఎంతకాలం నిలుస్తుందన్నది వాదర కోణం మీద ఎంతగా ఆధారపడుతుందో చూపించాడు. అయినా జనం అడిగే మొదటి ప్రశ్న ‘ఏం ఉక్కు?’, ఆ తరువాత ‘పిడికి ఏం కర్ర?’. కోణం ఎంత అని అడిగినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

విమర్శ అంటే ఏమిటో ఈ విద్యలోని పెద్దలకు తెలియక కాదు. 1976లో బిల్ మోరాన్ మొదలైనవారు స్థాపించిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ వారి పరీక్ష చూడండి. అభ్యర్థి తాను చేసిన కత్తితో, వేలాడుతున్న అంగుళం మందపు తాడును ఒక్క వేటుకు తెగగొట్టాలి. ఇళ్ళ కట్టడంలో వాడే ‘టూ బై ఫోర్’ చెక్కను రెండుసార్లు నరకాలి. నరికాక, మళ్ళీ పదును పెట్టకుండా, అదే వాదరతో వెంట్రుకలు గొరిగి చూపాలి. ఆఖరున కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచాలి, అది విరగకూడదు. ఇదంతా నెగ్గాకనే ఐదు కత్తులు తెచ్చి ఆచార్యుల ముందు పెట్టి పనితనం, అందం చూపించుకోవాలి. ఈ వరుస నాకు చాలా నచ్చింది. వంచే పరీక్షను తప్పుపట్టేవారున్నారు, వంటింట్లో కత్తిని 90 డిగ్రీలు వంచే అవసరం ఎవరికి వస్తుందని. ఎవరికీ రాదు. వాదరను గట్టిగాను, వెన్నును మెత్తగాను ఉంచడం నీకు చేతనయిందా అని చేసినవాణ్ణి అడిగే ప్రశ్న అది. పరీక్ష ముగిసేసరికి ఆ కత్తి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చేసినదాన్ని తన చేతులతోనే వంచి పాడుచేయడానికి సిద్ధపడినవానికి, ‘సానగీత ఒక పక్క ముందుకు జరిగింది’ అన్న మాట ఏపాటి దెబ్బ?

ఈ మాట అంటే వచ్చే సమాధానాలు నాకు కంఠస్థం. సరదాకు చేసికొనేవాణ్ణి నిరుత్సాహపరచడమెందుకు అంటారు. చేసేవానికది సరదా కావచ్చు, వాడేవాని చేతిలో అది కత్తి. పైగా వీరిలో చాలామంది పది కత్తులు చేయకముందే ధర కట్టడం మొదలుపెడతారు, బంధుమిత్రులకు బహుమతిగా ఇస్తారు. పిడిలోకి దూరే ‘తోక’ను చూడండి. అలుగూ తోకా కలిసే చోట లోపలి మూలను గుండ్రంగా వదలాలి. ఆకురాయితో అక్కడ చదరంగా కోసేస్తే ఒత్తిడంతా ఆ మూలలో చేరి, ఒకనాడు అక్కడే పుటుక్కుమంటుంది. అదీ ఎప్పుడు? ఎవరో బలంగా నొక్కి కోస్తున్నప్పుడు. పిడి బిగించకముందు తీసిన ఫొటోలో ఆ మూల స్పష్టంగా కనిపిస్తున్నా, ముప్ఫైమంది చూసి ‘సూపర్’ అని వెళ్ళిపోతే, వారిని మర్యాదస్తులని నేనెట్లా అనగలను?

‘అది నా శైలి’ అనేవారు మరికొందరు. అలుగు పొడవు, మొన వంపు, పిడి రంగు, ఇవి శైలి; వాటి జోలికి పోయేవాణ్ణి నేనూ సమర్థించను. పిడికీ అలుగుకూ మధ్య అమర్చిన అడ్డు దగ్గర నల్లటి సందు ఉండి, అందులో నీరు చేరి తుప్పు పడుతుంటే దాన్ని శైలి అనడం ఆ మాటకే అవమానం.

‘నువ్వొక కత్తి చేసి చూపించు’ అన్నది మనకు బాగా పరిచయమైన బాణం. కవిత్వం వ్రాయనివాడు కవిత్వాన్ని విమర్శించరాదన్న పాతపాటే. రోజూ బుట్టెడు ఉల్లిపాయలు తరిగే వంటవాడు కొలిమి ముఖం చూసి ఉండకపోవచ్చు, కాని పిడి అరచేతిలో ఎక్కడ గుచ్చుకొంటుందో చేసినవానికంటె అతనికే బాగా తెలుసు. అతణ్ణి పిలిచి కూర్చోబెట్టి వినవలసింది పోయి నోరు మూయిస్తారు.

‘చెత్త’ అని ఒక్కమాట విసిరి పోయేవారిని గురించి ఎక్కువ వ్రాయను. ఎక్కడ, ఎందుకు, ఎట్లా దిద్దాలి అన్నవి అందులోనూ ఉండవు కనుక అది కూడా ఒక రకం మెచ్చుకోలే, కాస్త చేదుగా ఉంటుందంతే.

వీరు భక్తితో తలచుకొనే ‘వూట్జ్’ మన దక్షిణాది ఉక్కే. నేటి తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు తయారీని గురించి, దానికోసం పారశీక వర్తకులు రావడాన్ని గురించి హెన్రీ వాయ్సీ వ్రాసిన వివరం 1832లో అచ్చయింది. అటువంటి ఉక్కుతో చేసిన పాత డమాస్కస్ కత్తుల మీది అలల చారలను మళ్ళీ రప్పించాలని ఎంతోమంది తంటాలు పడ్డారు. ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్ పెండ్రే, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ వెర్హోవెన్ కలిసి ఆ పని సాధించారు. ఒకరు కొలిమిలో చేసినదాన్ని ఇంకొకరు కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, లోపల ఏం జరిగిందో చెప్పేవారు. వెనేడియం వంటి మలినాలు అతిస్వల్పంగా ఉండడమే ఆ చారలకు కీలకమని 1998లో ప్రకటించారు. ‘చారలు భలే వచ్చాయండీ’ అని ఆచార్యులవారు మొదటి రోజే భుజం తట్టి వెళ్ళిపోయి ఉంటే ఆ లాడాల కమ్మరికి ఏం మిగిలేది?

అందరికీ సూక్ష్మదర్శిని అక్కరలేదు. విమర్శ కోరేవాడు, అదే ఉక్కులోంచి తీసి, అదే వేడిలో కాచి నూనెలో ముంచి, ఆపైన విరిచిన చిన్న ముక్కను కూడా పక్కన పెట్టి చూపించాలి. విరిగినచోట బూడిదరంగు ముఖమల్‌లా నున్నగా ఉందో, పంచదారలా పలుకులు పలుకులుగా ఉందో కంటికే తెలుస్తుంది. వాదర వెనుక మందం ఎంతో చెప్పాలి. ఇత్తడి కడ్డీ మీద ఆనించి నొక్కితే వాదర వంగి తిరిగి నిలబడిందో, వంగినట్లే ఉండిపోయిందో, పెచ్చు ఊడిందో చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగండి. అడిగినా చెప్పకపోతే పిడి కర్ర బాగుందని చెప్పి ఊరుకోండి. కత్తి బాగుందని మాత్రం అనకండి.