పానా పెట్టె: తప్పు తుపాకీదా, పిల్లదా?

పోయిన సంచికలో పాత సీలింగు ఫ్యాను గురించి రాస్తే ముగ్గురు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకాయన మాత్రం, “జాబరుగారూ, ఫ్యాన్లూ మిక్సీలూ చాలు, ఏదైనా కొత్త సంగతి చెప్పండి” అని మందలించారు. ఆయన కోరికో, మా ఇంటి గ్రహచారమో గాని, ఈ మూడు నెలల్లో నా పానా పెట్టె ఒక తుపాకీ కోసం తెరవవలసి వచ్చింది. భయపడకండి, అది ఎయిర్ రైఫిలు. గాలితో పేలేది, పోటీల్లో వాడేది.

మా పెద్ద మనవరాలికి పదిహేనేళ్ళు. రెండేళ్ళుగా గురి నేర్చుకుంటోంది. మా సోలాపూరు సాంచాల సందుల్లో పుట్టిన పిల్లకు తుపాకీ ఏమిటని మీరు అడగవచ్చు. మహారాష్ట్రలో, ముఖ్యంగా కొల్హాపూరు వైపు, ఈ ఆటకు మంచి పేరుంది. 2024లో పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలేది ఆ జిల్లాయే. మనవాళ్ళకు ఇంకా దగ్గరి పేరు కావాలంటే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఉన్నాడు. 2012లో లండన్‌లో ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే కాంస్యం గెలిచాడు.

ఇంతకీ జరిగింది ఇది. పిల్లకు 622 దాకా వస్తూండిన స్కోరు మూడు నెలల్లో 614కి దిగింది. ఈ ఆటలో అరవై గుళ్ళు కాల్చాలి, ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 10.9, మొత్తం 654. ఆడపిల్లలకు వెనక నలభై గుళ్ళే ఉండేవి, 2018 నుంచి వాళ్ళకూ అరవై చేశారు. 622 నుంచి 614 అంటే ఎనిమిది పాయింట్లు. వినడానికి చిన్నదే, కాని పోటీలో అది పిల్ల ముందు వరుసలో ఉండడానికీ, ఎక్కడో మధ్యలో కలిసిపోవడానికీ ఉన్న తేడా.

ఇంట్లో ఎవరి తీర్పు వాళ్ళు చెప్పాం. మా అల్లుడు తుపాకీ పాతదైందన్నాడు. రెండేళ్ళ కింద ఒక పెద్దమనిషి దగ్గర సెకండుహ్యాండులో కొన్నది. క్లబ్బులో ఒకరిద్దరు కొత్తది కొనెయ్యమన్నారు. విదేశీ రైఫిలు, మూడు లక్షలు దాటే మాట. మా అమ్మాయి ఏమీ అనలేదు గాని, ఒకరోజు బీరువా ముందు కూర్చుని గాజులూ గొలుసూ చేత్తో తూచుకోవడం నేను చూశాను. ఇక నా తీర్పు. “తుపాకీకేం రోగం? ఫోను ఎక్కువైంది, మనసు కుదురు లేదు” అని పిల్లనే అన్నాను. పిల్ల మారు మాట్లాడలేదు. రాత్రి అన్నం సగంలో లేచిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళు సాంచాల మీద జాబరుగా చేసినవాణ్ణి. గుడ్డ చెడిపోతే సేటు మగ్గాన్ని తిట్టేవాడు, నేసేవాడు నూలును తిట్టేవాడు, నూలువాడు వానగాలిని తిట్టేవాడు. వాళ్ళ ముగ్గురి మాటా విననివాడే జాబరు. చూడకుండా నోరు జారకూడదని కుర్రవాళ్ళకు చెప్పినవాణ్ణి, ఇంట్లో నేనే నోరు జారాను.

పొద్దున్నే పిల్లను పిలిచాను.

“తుపాకీ తీస్కరా బిడ్డా, చూద్దాం.”

“తాతా, నువ్వు దానికి నూనె పెడతవు. సార్ తిడ్తడు.”

పిల్ల అన్నది నిజమే. నా చేయి అప్పటికే అలవాటుగా నూనెబుడ్డి మీదికి పోయింది. ఈ రైఫిల్లో 200 బార్ల దాకా గాలి నింపే సిలిండరు ఉంటుంది. అంత ఒత్తిడి గాలి ఉన్నచోట మామూలు నూనె తగలనివ్వకూడదు. గొట్టంలోకి నూనె పోయినా గుళ్ళు దారి తప్పుతాయి. నూనెబుడ్డిని పక్క గదిలో పెట్టి వచ్చాను.

లోపలి పని తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. సిలిండరులోని గాలి నేరుగా గొట్టంలోకి రాదు. మధ్యలో రెగ్యులేటరు ఉంటుంది. సిలిండరు నిండుగా ఉన్నా సగమైనా, అది ప్రతిసారీ ఒకే కొలతగా తగ్గించిన ఒత్తిడి గాలిని చిన్న గదిలోకి వదులుతుంది. ట్రిగ్గరు నొక్కితే చిన్న సుత్తి వాల్వును తడుతుంది, ఆ గాలి గుండును తోస్తుంది. గుండు అరగ్రాము పైచిలుకు సీసపు ముక్క. ముందువైపు చదునుగా ఉంటుంది, కాగితం మీద కత్తిరించినట్టు గుండ్రటి చిల్లు పడటానికి.

ముందు లెక్క వేశాను. టార్గెట్టులో నడిమి చుక్క అర మిల్లీమీటరు. గుండు 4.5 మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కను తాకితే పది. 2013 నుంచి ఫైనలుకు ముందు కాల్చే అరవై గుళ్ళలోనూ ఆ పదిని దశాంశాలుగా కొలుస్తున్నారు. గుండు కేంద్రం పావు మిల్లీమీటరు పక్కకు జరిగిన కొద్దీ 0.1 తగ్గుతుంది. మా పిల్ల పోగొట్టుకున్న ఎనిమిది పాయింట్లను అరవైతో భాగిస్తే గుండుకు 0.13. అంటే మిల్లీమీటరులో మూడో వంతు! ఇంట్లో ఇంత రగడ, బీరువా ముందు ఆ తూకం, అన్నం సగంలో లేవడం, అంతా ఆ మూడో వంతు కోసమే.

నా పాత సూత్రం ఒకటే, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. ముందుగా కర్రనూ యంత్రాన్నీ కలిపే బోల్టులు చూశాను. వాటిని బలం కొద్దీ బిగించకూడదు, రైఫిలుతో వచ్చిన పుస్తకంలో ఎంత ఉంటే అంతే, కొలిచే పానాతో బిగించాలి. సరిగానే ఉన్నాయి. వెనక సైటు కదలడం లేదు.

తరవాత వేగం. క్లబ్బులో ఒకరి దగ్గర గుండు వేగం కొలిచే యంత్రం ఉంటే ఒక్కరోజుకు అడిగి తెచ్చాం. ఇరవై గుళ్ళు కాల్చాం. తక్కువలో తక్కువ సెకనుకు 168 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 171. నాకు సంతోషమైంది, ఎందుకో చెబుతాను. 170 వేగంతో వెళ్ళే గుండు పది మీటర్లు చేరేలోగా సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. సైటు ఆ జారుడును లెక్కలో పెట్టుకుంటుంది. అదే వేగం 165కి పడిపోతే ఇంకో మిల్లీమీటరు కిందికి దిగుతుంది, అంటే ఆ గుండుకు 0.4 పోయినట్టే. రెగ్యులేటరు చెడితే ఇలా ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంది. మనది చెడలేదు.

ఇక అసలు పరీక్ష. మనిషిని పక్కనపెట్టి తుపాకీతో మాత్రమే కాల్పించాలి. మా అల్లుడి లేతు షాపులో పెద్ద వైసు ఉంది. దాని దవడలకు చెక్క, పైన తోలు వేసి, గొట్టాన్ని పట్టకుండా యంత్రం ఉన్న భాగాన్ని పట్టించి మెల్లగా బిగించాం. ఎదురుగా సరిగ్గా పది మీటర్లకు ఇనుప పెట్టె, దాని ముందు కాగితం. షట్టరు దించి, ఆ వైపు ఎవరూ రాకుండా మా బావమరిదిని కాపలా కూర్చోబెట్టాం. ఇది ఆటబొమ్మ కాదని పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

పది గుళ్ళు కాల్చి, పడిన చిల్లు బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియరుతో కొలిచాం. మూడు కాగితాలు: 7.2, 7.0, 7.4 మిల్లీమీటర్లు. పదీ ఒకే చోట పడితే 4.5 ఉండాలి. ఆరు లోపు వస్తే నిశ్చింతగా ఉండవచ్చని అనుభవమున్నవాళ్ళు చెప్పారు. ఏడు దాటిందంటే తుపాకీలో ఏదో ఉంది. అల్లుడు నా వైపు చూశాడు, ‘నేను చెప్పలా’ అన్నట్టు. నా గుండెలో రాయి పడింది.

అప్పుడు పిల్ల తన సంచీ అడుగు నుంచి ఒక పాత డబ్బా తీసింది. “తాతా, ఇవి పోయినేడాదివి, కొన్ని మిగిలినయ్. ఇవి వేసి చూడు” అంది. అదే కంపెనీ, అదే రంగు మూత. గొట్టం కొత్త గుళ్ళకు అలవాటు పడాలని మొదటి కొన్నింటిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేశాం. మిగిలినవాటితో రెండు కాగితాలు కాల్చాం. 5.6, 5.5.

షాపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

డబ్బాలు రెండూ వెలుతురులో పెట్టి చూశాం. పేరు ఒకటే గాని, లేబులు మీద చిన్న అంకెలు వేరు. పాతదాని మీద గుండు తల కొలత 4.49, కొత్తదాని మీద 4.50. బ్యాచి నెంబరు కూడా వేరు. మా అల్లుడు పుణె వెళ్ళినప్పుడు దుకాణంలో ‘అదే ఇవ్వండి’ అని పది డబ్బాలు ఒక్కసారే తెచ్చాడట, మూడు నెలల కింద. మిల్లీమీటరులో నూరో వంతు తేడా! 4.50 చెడ్డదని కాదు, ఇంకో గొట్టానికి అదే మంచిది కావచ్చు. అచ్చులో దారం పట్టినట్టు ఏ గొట్టానికి ఏ గుండు సరిపోతుందో కాల్చి చూస్తే తప్ప చెప్పలేం. పెద్ద ఆటగాళ్ళు ఒక్కో బ్యాచినీ పరీక్షించి, నచ్చినదాన్ని వేలల్లో కొనిపెట్టుకుంటారంటే నేనప్పటిదాకా డాబు అనుకున్నాను.

క్లబ్బులో వాళ్ళనూ వీళ్ళనూ అడిగి నాలుగు రకాల గుళ్ళు యాభై యాభై తెచ్చి మళ్ళీ కాల్చాం. ఒక 4.49 బ్యాచి 5.5 దగ్గర నిలిచింది. ఆ నెంబరువే తెప్పించాం. (గుళ్ళు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, అది సీసం. మా పిల్ల రెండు గుళ్ళు పెదవుల మధ్య పెట్టుకోవడం చూసి గట్టిగా కోప్పడ్డాను. ఆ కోపం మాత్రం వెనక్కి తీసుకోను.)

కొత్త గుళ్ళతో పిల్ల 619 కాల్చింది. బాగుంది, కాని 622 కాదు. ఇక మిగిలింది మనిషి. ఈసారి నేను నోరు మూసుకుని వాళ్ళ సారును అడిగాను. ఆయన పిల్లను నిలబెట్టి, “కళ్ళు మూసుకో, తుపాకీ ఎత్తు, చెంప ఆనించు, ఇప్పుడు కళ్ళు తెరువు” అన్నారు. తెరిచేసరికి వెనక సైటు రంధ్రం పిల్ల కంటికి ఎదురుగా లేదు, కిందికి ఉంది. అందుకోవడానికి మెడ వంచి తల నొక్కుతోంది. అరవై గుళ్ళలో ఎన్నిసార్లు నొక్కినా ఒకేలా నొక్కడం ఎవరి తరం? విషయమేమిటంటే, పిల్ల ఏడాదిలో రెండంగుళాలు పెరిగింది. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేయి నడుము ఎముక మీద ఆనుతుంది. నడుముకూ కంటికీ మధ్య దూరం పెరిగింది, తుపాకీ మాత్రం నిరుటి కొలతల్లోనే ఉంది. పరికిణీలు రెండుసార్లు కుట్టించాం గాని, తుపాకీని ఎవరూ కుట్టించలేదు.

సారు పాత స్థానాలకు పెన్సిలు గీతలు పెట్టి, భుజానికి ఆనే ప్లేటును కొంచెం కిందికి జరిపారు, దాంతో తుపాకీ పైకి వచ్చింది. ప్లేటు వెనక్కి ఆరు మిల్లీమీటర్లు, చేతికింది దిమ్మ కాస్త ఎత్తు. అంతే. వారం రోజులు పిల్లకు అంతా కొత్తగా ఉండి స్కోరు ఇంకా పడింది. 611 కూడా చూశాం. మా అమ్మాయి మళ్ళీ బీరువా వైపు నడిచింది. మూడో వారంలో 621, తరవాత 623.

సైటు సంగతి ఒకటి చెప్పాలి. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా ఫైనలుకు ముందు సరిచూసుకోవడానికి కాల్చిన గుండు ఎక్కడికో పోయింది, సైటు కదిలిపోయి ఉంది. ఆయన కంగారు పడకుండా క్లిక్కులు తిప్పి సరిచేసుకుని, చివరి గుండు 10.8 కాల్చి స్వర్ణం తెచ్చాడు. ఈ కథ చెప్పినప్పటి నుంచి మా పిల్ల సైటు క్లిక్కుల లెక్క చిన్న నోటుబుక్కులో రాసుకుంటోంది.

అంతా అయిందనుకున్నాక తుపాకీని గుడ్డతో తుడుస్తూ నేనే ఇంకో బాంబు కనిపెట్టాను. సిలిండరు మీద తేదీ చెక్కి ఉంది. ఇలాంటి సిలిండర్లకు గడువు ఉంటుంది, గడువు దాటినదాన్ని వాడకుండా చూసుకునే బాధ్యత ఆటగాడిదేనని పోటీ నియమం. మాది ఇంకో ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది. అమ్మిన పెద్దమనిషి ఆ మాట చెప్పలేదు. పెళ్ళికూతురి జాతకం మూడు చోట్ల చూపించే మేమూ, అరవై వేల వస్తువు మీద అంకెలు చదవలేదు. మీలో ఎవరైనా సెకండుహ్యాండు రైఫిలు కొనబోతే, మెరుపు చూసేకంటే ముందు సిలిండరు తిప్పి తేదీ చదవండి. ఎండలో ఆపిన కారులో దాన్ని వదలకండి, మా ఊరి ఏప్రిలు ఎండ మీకు తెలిసిందే.

కొత్త సిలిండరుకు డబ్బు కట్టాం. అది మూడు లక్షలు కాదు గనక గాజులు బీరువాలోనే ఉన్నాయి. పిల్లకు నేను క్షమాపణ అని చెప్పలేదు, మా కాలంలో తాతలకు అది అలవాటు లేదు. ఒక సాయంత్రం చౌకులో భజ్జీలు పొట్లం కట్టించి తెచ్చి ముందు పెట్టాను. రెండు తిని అంది: “ఫోనుది తప్పు కాదని ఇప్పుడు చెప్తవా, తాతా?”

“ఫోనుది సగం తప్పే” అన్నాను.

వచ్చే నెల పుణెలో పోటీ ఉంది. నన్ను రమ్మంది గాని, వెనక నిలబడవద్దని షరతు పెట్టింది.