చెయినుకు చుక్క నూనె... హీరోగారికి తెలీదు!

మన చిత్రాల్లో హీరోగారు మోటారుసైకిలెక్కని సినిమాలు వేళ్ళమీద లెక్కపెట్టాలి. కాలితో ఒక్క తన్ను... బండి గర్జిస్తుంది, దుమ్ము లేస్తుంది, హీరోయిన్ వెనక కూచుంటుంది, పాట మొదలవుతుంది. అంతా బాగానే ఉంది. కాని ఆ బండి చెయినుకు ఆయనగారు నూనె వేస్తూండగా ఏ చిత్రంలోనైనా చూశారా? నేనైతే చూళ్ళేదు. 1973లో 'బాబీ' వచ్చి రాజ్‌దూత్ వాళ్ళ చిన్న బండికి కుర్రకారు చేత 'బాబీ' అన్న పేరే పెట్టించింది. 1975లో 'షోలే' మిత్రులిద్దరూ పక్కతొట్టి ఉన్న బండి మీద స్నేహాన్ని పాడుకుంటూ పోయారు. 2018లో ఏకంగా 'ఆర్ఎక్స్ 100' అని బండి పేరే సినిమాకి పెట్టేశారు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, అయినా మోజు ఆగలేదు! చెయిను అనే వస్తువుకి మన తెరమీద దక్కిన గొప్ప వేషమంటే ఒక్క 'శివ'లోనే. 1989లో నాగార్జున చెయిను ఊడబెరికితే హాళ్ళన్నీ ఈలలతో మోగిపోయాయి. అదైనా సైకిలు చెయిను సుమండీ! మోటారుసైకిలు చెయిను అలా లాగబోతే ముందు తెగేది హీరోగారి చెయ్యి.

ఈ వారం తారల ముచ్చట్లు పక్కనపెట్టి చెయిను సంగతి ఎత్తడానికి కారణం మదనపల్లె. మొన్నొక సాయంత్రం అక్కడ ఫస్ట్ షో వదిలే వేళ సినిమా హాలు స్టాండులో నిలబడి, ఊరికే బండ్ల చెయిన్లు చూస్తూ గడిపాను (పనిలేనివాడనుకున్నారో ఏమో, స్టాండు కుర్రాడు రెండుసార్లు ఎగాదిగా చూశాడు). రెండే రకాలు కనిపించాయి. ఒకటి ఎండిపోయి ఎర్రగా తుప్పెక్కినది. రెండోది నల్లటి జిడ్డు ముద్దలు వేలాడుతున్నది. మధ్యరకం, అంటే తడి తెలిసీ తెలియకుండా శుభ్రంగా ఉన్నది, మచ్చుకి రెండో మూడో. బండికి స్టిక్కర్లు మాత్రం కొదవలేదు. అభిమాన హీరో బొమ్మ ట్యాంకు మీద, ఆయన డైలాగు మడ్‌గార్డు మీద!

ఆ వీధి చివర మెకానిక్కు షెడ్డులో ఒక కుర్రాణ్ణి అడిగాను, "ఏం నాయనా, చెయినుకి ఏమేస్తా ఉండావు?" అని.

"ఇంజన్ ఆయిలన్నా. సర్వీసుకిచ్చినప్పుడు తీసిండే పాతది. ఊరికే వస్తాది గదా!"

పక్కనే స్పానరుతో కుస్తీ పడుతున్న మెకానిక్కు తలెత్తాడు. "అది నూనె కాదబ్బయ్యా, ఇనప రజను. ఇంజన్ అరిగిందంతా దాంట్లోనే ఉండాది. దాన్ని తీసి చెయినుకి పూస్తా ఉండావా?"

ఒక్క ముక్కలో అసలు విషయం చెప్పేశాడు. కాస్త విప్పి చెబుతాను.

మోటారుసైకిలు చెయిను చూడ్డానికి ఒక ఇనప గొలుసు. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనోల్డ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న నమూనాకి ఇవాళ్టికీ పెద్దగా మార్పు లేదు. ప్రతి కణుపులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, ఆ బుష్షు మీద గిరగిర తిరిగే రోలరు. మీ చెయిను పలక మీద 428 అని చెక్కి ఉంటే, మొదటి 4 అంకె అర్థం కణుపుకీ కణుపుకీ దూరం అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 'చెయిను సాగిపోయింది' అంటారు చూడండీ, నిజానికి సాగేది ఇనప పలకలు కాదు. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. కణుపుకి మిల్లీమీటరులో పదో వంతు అరిగిందనుకోండి, 120 కణుపుల చెయిను 12 మిల్లీమీటర్లు పొడుగైనట్టే! అప్పుడది పళ్ళచక్రం మీద సరిగ్గా కూర్చోదు, పళ్ళని కొరికేస్తుంది. పళ్ళు సొరచేప పళ్ళలా వంకర తిరిగాయంటే చెయినూ రెండు చక్రాలూ కలిపి సెట్టు మార్చాల్సిందే. కొత్త చెయిను పాత చక్రం మీద వేయడమంటే పరమ దండగ.

కాబట్టి నూనె చేరవలసింది పైన మెరిసే పలకలకి కాదు, లోపల పిన్ను దగ్గరికి. ఇక్కడే మన కుర్రకారు బోల్తా పడేది. డబ్బాలోంచి గ్రీజు ముద్ద తీసి పైన పూస్తే అది లోపలికి దూరదు, బయటే కూచుని దుమ్ము పోగేస్తుంది. మదనపల్లె దుమ్మేమన్నా సామాన్యమైందా? టమోటా మార్కెట్టుకి వచ్చే లారీలూ ట్రాక్టర్లూ రేపే ఎర్రమన్ను, అటు కుప్పం వైపు గ్రానైటు పొడి... గ్రీజులో కలిస్తే సాక్షాత్తూ సానరాయి పొడే! పాత రోజుల్లో యెజ్డీల కాలంవాళ్ళు చెయిను విప్పి, కిరోసిన్‌లో కడిగి, వెచ్చజేసిన గ్రీజులో నానబెట్టేవారు. వేడికి గ్రీజు కరిగి కణుపుల్లోకి దిగేది. ఓపికున్న కాలం! ఆ వైద్యం ఇప్పటి చాలా బండ్లకి పనికిరాదు. ఎందుకంటే 150 సిసి, ఆ పైబడిన బండ్లలో చాలావాటికి వచ్చేది సీలు చెయిను. పలకల మధ్య చిన్న చిన్న రబ్బరు ఉంగరాలు, వాటి వెనక కంపెనీవాళ్ళు ముందే కూరిన గ్రీజు. వేడి చేసినా, పెట్రోలుతో కడిగినా ఆ రబ్బరు చెడుతుంది. ఇనప బ్రష్షుతో తోమితే చిరుగుతుంది. రబ్బరు పోతే గ్రీజు పోయింది, గ్రీజు పోతే చెయిను పోయింది.

"మరి దానికి పైన నూనె ఎందుకు?" అంటారేమో. రోలరుకి కావాలి, ఆ రబ్బరుకి కావాలి, తుప్పు పట్టకుండా పలకలకీ కావాలి.

సరే, ఏ నూనె? ఒట్టి చెయిను అయితే, అందులోనూ మొత్తం కవరులో దాక్కున్నదయితే, 90 నంబరు గేర్ ఆయిలుకి మించినది లేదని నా అభిప్రాయం. చవక, లోపలికి దిగుతుంది, చిన్న సీసా ఏడాది వస్తుంది. చిక్కల్లా ఒక్కటే, ఎక్కువైతే చిమ్ముతుంది. సీలు చెయినుకైతే స్ప్రే డబ్బా కొనండి, కాని దానిమీద ఓ-రింగులకి పనికొస్తుందని రాసి ఉందో లేదో చదివి మరీ కొనండి. బురద వానల్లో జిగురుగా అంటుకునే రకం మేలు. ఎండాకాలం మన దుమ్ము రోడ్లమీద మైనం కలిసిన రకం మేలు, ఆరాక చేతికంటదు, మట్టి పట్టదు. కొంతమంది ఏ రోగానికైనా డబ్ల్యూడీ-40 అంటారు. 1953లో పుట్టిన ఆ సరుకు పేరులోనే ఉంది, నీటిని తోలేదని! (హార్సిలీ కొండకి పేరిచ్చిన కలెక్టరు డబ్ల్యూ.డి. హార్సిలీ దొరకీ దీనికీ చుట్టరికం లేదు.) తడి పోగొట్టడానికి మంచిదే. అది ఆరిపోయాక చెయిను మీద మిగిలే నూనె తక్కువ. పైన అసలు నూనె పడాల్సిందే.

వేసే పద్ధతి తిరిగొచ్చాక, చెయిను కాస్త వెచ్చగా ఉన్నప్పుడు. బండి సెంటరు స్టాండు మీద, ఇంజన్ ఆపి, తాళం జేబులో. పాత బనీను గుడ్డకి కొంచెం కిరోసిన్, దొరక్కపోతే చెయిన్ క్లీనరు, తడిపి తుడవండి. మెత్తటి బ్రష్షు వాడండి. ఆరనివ్వండి. తర్వాత చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కింది వరస లోపలి వైపున నూనె వేయండి. బండి పరుగెత్తేటప్పుడు విసురుకి అది తనంతట తానే బయటికి పాకుతుంది. రాత్రంతా వదిలేసి తెల్లారి పైన మిగిలింది తుడిచేయండి. టైరు మీద ఒక్క చుక్క పడిందా, సబ్బుతో కడిగిందాకా కదలకండి. నాలుగువేల అడుగులు పైబడిన హార్సిలీ కొండ మలుపుల్లో బండి వంచినప్పుడు నూనె టైరు ఏ హీరోనీ క్షమించదు. ఎన్ని కిలోమీటర్లకి అంటే మీ బండి పుస్తకం చూడండి; చాలావాటికి అయిదారువందలకొకసారి, వానలో తడిస్తే లెక్కతో పనిలేదు.

'తాళం జేబులో' అన్నానే, అది ఊరికే అనలేదు. ఇందాకటి మెకానిక్కు నాకు తన కుడిచేతి చూపుడువేలు చూపించాడు. మొదటి కణుపు లేదు. "పదహారేండ్లప్పుడు సామీ. బండి గేర్లో పెట్టి, చక్రం దానంతట అదే తిరగతా ఉంటే గుడ్డ పెట్టినా. గుడ్డ పోయ, దాని ఎంబడే ఏలు పోయ. నొప్పి గూడా తెలీలా." నవ్వుతూనే చెప్పాడు. ఆ కుర్రాడు నవ్వలేదు. తన పాత ఆయిలు డబ్బా కాలితో పక్కకి నెట్టాడు.

ఇంకో ఫ్యాషను ఈమధ్య. బండి సన్నగా, స్టయిలుగా కనబడాలని చెయిన్ కవరు, వెనక చీర చిక్కుకోకుండా ఉండే గార్డు పీకేస్తున్నారు. వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే ఆ రక్షణ 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీర కట్టుకుని అమ్మో, అక్కో మీ వెనక ఒకపక్కకి కూచుంటుంది. పైటకొంగు గాలికి ఎటు పోతుందో తెరమీద దర్శకుడు చూసుకుంటాడు. మదనపల్లె బజారులో చూసేవాడు లేడు. కొంగు పళ్ళచక్రంలో పడితే లాగేది చీరని మాత్రమే కాదు, మనిషిని.

బిగువు సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగాలి, కచ్చితమైన లెక్క మళ్ళీ ఆ పుస్తకంలోనే. వీణ తీగలా బిగించేవాళ్ళున్నారు. వెనక ఇంకొకరు ఎక్కి బండి కుంగగానే చెయిను ఇంకా బిగుస్తుంది, గేరుబాక్సు బేరింగు మీద పడుతుంది భారం. చక్రం నాలుగుచోట్ల తిప్పి చూడండి, ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయితే చెయినుకి రోజులు దగ్గరపడ్డట్టే. క్లిప్పుతో కలిపే చెయిను అయితే, చేప ఆకారంలో ఉండే ఆ చిన్న క్లిప్పు మూసిన వైపు చెయిను పరుగెత్తే దిక్కుకి ఉండాలి. తోకవైపు ముందుంటే ఏ రాయో తగిలి ఊడుతుంది. స్టాండులో బండి తీసేటప్పుడు వంగి ఒకసారి చూసుకోండి, స్టాండు కుర్రాడు ఎగాదిగా చూస్తే చూడనివ్వండి.