మన మోరి శబ్దం ముడిసరుకు కాదు



కాస్త పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, ఒప్పుకోకపోతే కింద రాయండి.

మేం విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా గదిలో అరకు వాళ్లున్నారు, పాడేరు వాళ్లున్నారు, ముంచంగిపుట్టు వాళ్లున్నారు. ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన హాస్టల్ డేకి దింసా వేశాం. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ స్టేజీ మీద మోరి ఊదేవాళ్లు లేరు, తుడుం కొట్టేవాళ్లు లేరు. నెట్‌లో దొరికిన ట్రాక్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి దానికి ఆడేశాం. అందులో అడుగున డీజే బీట్ కూడా కలిపి ఉంది. అయిపోయాక ఒక జూనియర్ తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆ మోరి ఊదిందెవరు? ఏ ఊరోళ్లు?"

మాకు తెలీదు. వీడియో కింద చూస్తే "ట్రైబల్ మ్యూజిక్" అని ఉంది. అంతే. మనిషి పేరు లేదు, ఊరు లేదు, తెగ లేదు.

అప్పట్నుంచి ఈ విషయం మీద చదువుతూ, గదిలో రాత్రుళ్లు వాదించుకుంటూ ఉన్నాం. తెలిసింది చెప్తాం.

బయట "ప్రయోగాత్మక సంగీతం", "సౌండ్ ఆర్ట్" అని ఒక లోకం ఉంది. రాగం తాళమే కాదు, చుట్టూ వినపడే ఏ శబ్దమైనా సంగీతం కావచ్చని వాళ్ల మాట. 1948లో ఫ్రాన్స్‌లో పియర్ షాఫర్ అనే రేడియో ఇంజనీరు రైలింజన్ల చప్పుడు రికార్డు చేసి, దాన్ని కోసి, అతికి, తిరగేసి ఒక సంగీత రచన చేశాడు. మన దేశంలోనూ ఇది కొత్త కాదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతకారుడి సాయంతో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. అక్కడ చేసిన టేపులు దశాబ్దాల పాటు మూలన పడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటి వాళ్ల పేర్లతో సహా వచ్చాయి. పేర్లు మిగిలాయి కాబట్టి మనుషులు మళ్లీ గుర్తొచ్చారు.

చదువుతుంటే మాకు నవ్వొచ్చింది. శబ్దాలు వినడం మనకి ఒకరు నేర్పాలా? రైలు ఏ సొరంగం దాటిందో ఇంట్లో కూర్చుని చెప్పే అవ్వలు మన ఊళ్లలో ఉన్నారు. మబ్బు పట్టిన రోజు డప్పు ఎందుకు మెత్తబడుతుందో, మంట దగ్గర ఎంతసేపు కాచాలో మన తాతలకి తెలుసు. మోరి, తుడుం, కిరిడి, డప్పు, జోడుకొమ్ములు కలిసి మోగుతుంటే ఏది ఎక్కడ మారితే అడుగు మారాలో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఈ విద్యకి మన దగ్గర ఇంగ్లీషు పేరు లేదు, అంతే.

ఇప్పుడు అసలు బాధ.

మాలో ఒకరి ఊరికి రెండేళ్ల కిందట పట్నం నుంచి కొందరు వచ్చారు. పెద్ద మైకు, దానికి బొచ్చు తొడుగు, చెవులకి హెడ్‌ఫోన్లు. ఊరి తాత ఒకాయన చేత రెండు గంటలు మోరి ఊదించుకున్నారు. మంచిగానే మాట్లాడారు, టీ తాగారు, ఫోటో దిగారు. తాత అడిగాడట: "ఏటి బాబూ, నా ఊపిరి ఆ డబ్బాలో పెట్టుకెళ్లి ఏటి చేస్తారు?" "ప్రాజెక్టు తాతా" అన్నారు. ఆ ప్రాజెక్టు ఏమైందో, ఆ శబ్దం ఎక్కడ మోగుతోందో ఆయనకి ఇవాళ్టికీ తెలీదు.

ఇలాంటిది మనకొక్కళ్లకే జరగలేదు. సాలమన్ దీవుల్లో అఫునాక్వా అనే ఆవిడ పాడిన జోలపాటని ఒక పరిశోధకుడు 1970 ప్రాంతంలో రికార్డు చేశాడు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం ఆ గొంతుని తీసుకుని డాన్స్ బీట్ కలిపి పాట చేసింది. ప్రపంచమంతా మోగింది, లక్షల కాపీలు పోయాయి. ఆవిడది పసిఫిక్ సముద్రంలో దీవి, ఆల్బమ్ అమ్ముడైంది ఆఫ్రికా అడవుల పేరు చెప్పి. అఫునాక్వా పేరు విన్నవాళ్లు ఎంతమంది?

మన కొత్తవలస-కిరండూల్ లైను ఎందుకు వేశారో అందరికీ తెలుసు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దింపి ఓడలకి ఎక్కించడానికి. కొండ మీద ముడిసరుకు, కింద ధర. శబ్దం విషయంలోనూ అదే జరుగుతోందని మా అనుమానం. ఖనిజానికి కనీసం తూకం చీటీ ఉంటుంది. భూమికైతే 1997లో సమతా తీర్పు ఉంది. మరి ఊపిరికి?

చట్టం అసలు లేకపోలేదు. 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శన చేసేవాళ్లకి హక్కులిచ్చారు. ఆ జాబితాలో గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. అంటే మోరి తాత కూడా ఉన్నట్టే. ఆయన ఒప్పుకోకుండా ఆయన ప్రదర్శనని రికార్డు చేసి అమ్ముకోకూడదు. 2012 సవరణతో, ఇది నా ప్రదర్శన అని పేరు చెప్పించుకునే హక్కు కూడా వచ్చింది. కానీ ఆ రికార్డింగు మీద కాపీరైటు మాత్రం మామూలుగా రికార్డు చేయించినవాళ్లదే. ఈ తేడా ఊళ్లో ఎవరికి తెలుసు? మనకే మొన్నటిదాకా తెలీదు.

కొందరు అన్నలు అంటారు, "ముందు గ్రూప్స్, డీఎస్సీ చూసుకోండ్రా, ఈ శబ్దాల గోలేంటి" అని. నిజమే, ఉద్యోగం కావాలి. మేమూ చదువుతున్నాం. కానీ ఫోనులో వీడియో తీయడం మనం ఎలాగూ రోజూ చేస్తున్నదే. అదే పని సరిగ్గా చేద్దాం అంటున్నాం. ఇంకొందరు అంటారు, దింసాని ఎవరూ ముట్టుకోకూడదు, మిక్సింగులు చేస్తే పాడైపోతుంది అని. దానికి మేం ఒప్పుకోం. మన కుర్రాళ్లు తుడుంని పోర్టు క్రేన్ల చప్పుడుతో కలిపి కొత్తది చేస్తే వినాలని మాకూ ఉంది. కలపడం తప్పు కాదు. పేరు చెరిపి కలపడం తప్పు.

తప్పు బయటివాళ్లదే అని కూడా అనం. మొదటి ఏడాది హాస్టల్లో ఊరి వీడియో చూస్తూ, ఎవరైనా గదిలోకి వస్తే సౌండ్ తగ్గించేసేవాళ్లం. సిగ్గు. ఆ సిగ్గు వల్లే ఎవరు ఊదారో అడగకుండా ట్రాక్ వేసుకుని ఆడేశాం. ఆ రోజు మేం చేసింది కూడా అదే దొంగతనం.

అందుకే ఈ గ్రూపులో నాలుగు మాటలు అనుకుందాం.

ఒకటి, వాయిద్యం వీడియో పెడితే మొదటి లైనులో వాయించినవాళ్ల పేరు, ఊరు, తెగ, ఏ పండగో రాద్దాం. పేరు వద్దని వాళ్లంటే ఆ మాటే రాద్దాం.

రెండు, రికార్డు నొక్కే ముందు మన భాషలో అడుగుదాం. పూజ దగ్గర వాయించేది తీయొద్దని పెద్దలంటే ఫోను జేబులో పెట్టేద్దాం.

మూడు, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, గాలి కొట్టకుండా మైకుకి పల్చటి గుడ్డ అడ్డం పెట్టండి, వీలైతే వేవ్ ఫార్మాట్‌లో తీయండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే శబ్దం నలగదు. కోసి అతకడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక కాపీ ఆ ఊరికే ఇవ్వాలి.

నాలుగు, వచ్చే హాస్టల్ డేకి పెన్‌డ్రైవ్ వద్దు. తలా యాభై రూపాయలు వేసుకుంటే ఇద్దరు వాద్యకారులకి బస్సు చార్జీ, భోజనం, చేతిలో పెట్టడానికి కొంత డబ్బు వస్తాయి. మా గది నుంచి మేం నలుగురం ఇప్పటికే వేసేశాం.

మోరి తాతకి ఫోన్ చేశాం. "వస్తాను గానీ, ఆ డబ్బా వాళ్లు కూడా వస్తారేటి?" అని అడిగాడు. ఈసారి డబ్బా మాదే తాతా అన్నాం. "అలాగైతే నా పేరు సరిగ్గా రాయండి" అన్నాడు.

మీ ఊళ్లో మోరి ఊదేది ఎవరు? వాళ్లని అడిగి, ఒప్పుకుంటే కింద పేరు రాయండి. అక్కడి నుంచి మొదలెడదాం.

జోహార్.