వైరు లేని బెల్లుకి డివైస్ ట్రీలో చోటెందుకు?

ముదిగొండలో మా ఇంటి గేటుకి కాలింగ్ బెల్ స్విచ్ ఉంది, లోపల వైరు లేదు. కొత్తవాళ్లు నొక్కి అలాగే నిలబడతారు. పోయిన నెల ఒక డెవలప్‌మెంట్ బోర్డుకి టచ్‌స్క్రీన్ పెట్టి లైనక్స్ ఎక్కిస్తూ నేనూ అచ్చం ఇలాంటి స్విచ్చే బిగించాను.

బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పేది డివైస్ ట్రీ. ఏ చిప్‌కి ఏమేం రాయాలో చెప్పేది బైండింగ్. వేలు తగలగానే టచ్ చిప్ ప్రాసెసర్‌ని పిలిచే లైనే ఇంటరప్ట్. నా బోర్డులో ఆ పిన్ ఎక్కడికీ కలపలేదు. బైండింగేమో ఇంటరప్ట్ తప్పనిసరి అంటుంది, చెక్ చేస్తే వార్నింగ్. అది పోవాలని ఖాళీగా ఉన్న ఒక జీపీఐఓ నంబర్ రాసేశా. వార్నింగ్ పోయింది, టచ్ కూడా పోయింది! లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. మోగని బెల్లు కోసం డ్రైవర్ ఎదురుచూస్తూ కూర్చుంది. రెండు రాత్రులు తల పట్టుకున్నాక ఆ లైన్ తీసేశా. డ్రైవర్ పోలింగ్‌కి మారింది, టచ్ పనిచేసింది.

తప్పు నాదే. కానీ "మా డ్రైవర్‌కి ఇంటరప్ట్ కావాలి, కాబట్టి బైండింగ్‌లో తప్పనిసరి" అనే వాదన నేను ఒప్పుకోను. డివైస్ ట్రీ చెప్పాల్సింది హార్డ్‌వేర్ గురించి. లైనక్స్ ఒక్కటే కాదు, యూ-బూట్, ఫ్రీబీఎస్‌డీ కూడా దాన్నే వాడతాయి. పిన్ కలపకపోయినా చిప్ పనిచేస్తుందంటే, ఇంటరప్ట్‌ని రిక్వైర్డ్ లిస్ట్‌లోంచి తీసేయాల్సిందే.

ఇదేం వింత కేసు కాదు. 2015లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 7 అంగుళాల టచ్ డిస్‌ప్లేలో ఇంటరప్ట్ లైన్ ప్రాసెసర్ దాకా రాదు. డ్రైవరే సెకనుకి దాదాపు 60 సార్లు "ఎవరైనా తాకారా?" అని అడుగుతుంది. గోడకి ప్లగ్ చేసిన బోర్డుకి ఓకే, ఫోన్‌లో అలా అడిగితే బ్యాటరీ గోవిందా. అందుకే లైన్ నిజంగా ఉన్నచోట మాత్రం రాయడం మర్చిపోవద్దు.

రెండు పిన్‌లున్న చిప్‌లతో ఇంకో తిప్పలు. బాష్ బీఎంఐ160 మోషన్ సెన్సర్‌కి ఇంట్1, ఇంట్2 ఉంటాయి. మీ బోర్డులో రెండోదే కలిపితే, ఇంటరప్ట్-నేమ్స్‌లో ఇంట్2 అని పేరు రాయండి. లేకపోతే డ్రైవర్‌కి ఏ పిన్నో ఎలా తెలుస్తుంది?

పాత ఫోన్‌కి కస్టమ్ రామ్ పోర్ట్ చేస్తూ పక్క మోడల్ డీటీఎస్ కాపీ కొట్టేవాళ్లు, టచ్ చచ్చిపోయిందంటే ముందు ఇంటరప్ట్ లైన్నే అనుమానించండి. డ్రైవర్‌లో పోలింగ్ ఉంటే, ఆ లైన్ తీసేసి ఒకసారి బూట్ చేయండి.