రెండు ర్యాంకుల నడుమ డాక్టరు చదువు

దేశంలో ఎంబీబీఎస్ చదవాలంటే నీట్ రాయక తప్పదు. 2013లో మొదలై, అదే ఏడాది సుప్రీంకోర్టు తీర్పుతో ఆగి, 2016లో తిరిగి వచ్చిన ఈ పరీక్ష 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో మెడికల్ ఎంసెట్‌ను పూర్తిగా పక్కకు నెట్టింది. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఇంటర్ బైపీసీతో పాటే కోచింగ్ నడుస్తుంది. సీటు రాకపోతే మరో ఏడాది ‘లాంగ్ టర్మ్’. రోగి ముఖం చూడడానికి ముందే నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడంలో విద్యార్థి ఆరితేరిపోతాడు. ఆ నేర్పు మళ్లీ అక్కరకొచ్చేది ఐదారేళ్ల తర్వాత, పీజీ సీటు కోసం. డాక్టరు తయారు కావలసింది ఈ రెండు పరీక్షల మధ్యనే. మన వైద్య విద్యలో ఇరుకైపోతున్న కాలమూ అదే.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతుండగా శవం చుట్టూ నిలబడి ఒక్కో నరాన్నీ, రక్తనాళాన్నీ విడదీయడంతో చదువు మొదలవుతుంది. ఇంటర్‌లో టాపర్లనిపించుకున్నవాళ్లు చాలామంది మొదటిసారి తప్పేది ఇక్కడే. ఈ మొదటి పరీక్షకు నాలుగు అవకాశాలకు మించి లేవు, మొత్తం కోర్సు చేరిన తొమ్మిదేళ్లలో ముగియాలి. రెండో ఏడు పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. ఆ తర్వాత ఫోరెన్సిక్, కమ్యూనిటీ మెడిసిన్ వంటివి దాటుకుని మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్ ఉండే ఫైనలియర్‌కు చేరతారు.

అసలు విద్య వార్డుల్లో ఉంది. రోగి కుడి పక్కటెముకల కింద వేళ్లు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమంటే, లివర్ వాచి ఉన్నప్పుడు దాని అంచు కిందికి జారి వేళ్లకు తగులుతుంది. మొదట పది మందిని చూసినా ఏమీ తెలియదు. ఎప్పుడో ఒకసారి తగులుతుంది, ఇక మరిచిపోవడం ఉండదు. ‘ఆయాసం’ అన్న రోగిని మెట్లెక్కినప్పుడా, వెల్లకిలా పడుకున్నప్పుడా అని అడగడమూ అలా వచ్చేదే. ఆ ఒక్క ప్రశ్న గుండె వైపో ఊపిరితిత్తుల వైపో దారి చూపగలదు. ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్, షార్ట్ కేస్ పేరుతో పరీక్షించేది ఈ నేర్పునే. పరీక్షకు పిలిపించిన పాత రోగులు కొందరు తమ జబ్బు పేరు తామే విద్యార్థి చెవిన వేస్తారన్నది కాలేజీల్లో ఎప్పటినుంచో ఉన్న ముచ్చట.

ఈ నేర్పు రావాలంటే వార్డు నిండా రోగులుండాలి. 1846 నాటి హైదరాబాద్ మెడికల్ స్కూల్ నుంచి ఎదిగిన ఉస్మానియాకూ, 1923లో విశాఖలో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకీ ఆ లోటు లేదు. తెలంగాణలో జిల్లాకో కాలేజీ విధానం, ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో 2023లో మొదలైన కాలేజీలు సీట్లను పెంచాయి, మంచిదే. అయితే సీట్లు ఒక్క జీవోతో వస్తాయి. అనుభవమున్న ప్రొఫెసర్లు, రకరకాల కేసులు అలా రావు.

నాలుగున్నరేళ్లు చూసి నేర్చుకున్నది చేసి నేర్చుకోవడానికి ఇంటర్న్‌షిప్, అంటే హౌస్ సర్జన్ ఏడాది ఉంది. కమ్యూనిటీ మెడిసిన్‌లో మూడు నెలలు, మిగతా కాలం మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వార్డు, క్యాజువాలిటీ వంటి విభాగాల్లో వంతులవారీగా. కాన్పు చేయడం, గాయానికి కుట్లు వేయడం, అర్ధరాత్రి వచ్చిన పాముకాటు కేసును నిలబెట్టడం ఇక్కడే చేతికి రావాలి. చాలా ఆసుపత్రుల్లో జరిగేది వేరు. రక్తం తీసి, ట్యూబులకు పేర్లు అంటించి, ల్యాబ్‌కు మోసి, రిపోర్టులు తెచ్చి కేస్ షీట్‌కు జతచేసేసరికి హౌస్ సర్జన్ డ్యూటీ గడిచిపోతుంది. మిగిలిన కాస్త సమయం ఫోన్‌లో నీట్ పీజీ ప్రశ్నలకే. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ‘ఒట్టి ఎంబీబీఎస్’ అని పెదవి విరిచే సమాజంలో పీజీ సీటే భవిష్యత్తు. 200 ప్రశ్నలు, 800 మార్కుల ఆ పరీక్షలో ఎన్ని కాన్పులు చేశాడన్న ప్రశ్నకు చోటు లేదు.

సంస్కరణలు జరగలేదని కాదు. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి ఏడాదే రోగుల దగ్గరికి పంపమంది. రోగితో మాట్లాడే తీరును, వైద్య నైతికతను పాఠంగా చేర్చింది, నైపుణ్యాలను లాగ్‌బుక్‌లో నమోదు చేయమంది. లాగ్‌బుక్‌కు ర్యాంకులో విలువ లేనంతకాలం అది సంతకాల పుస్తకంగానే మిగులుతుంది. ఫైనలియర్ పరీక్షనూ పీజీ ప్రవేశాన్నీ కలిపే నెక్స్ట్‌ను 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనే పెట్టినా, 2023లో వాయిదా పడింది. విదేశాల్లో చదివి వచ్చేవారిది ఇంకాస్త చుట్టుదారి. కిర్గిజ్‌స్థాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి తిరిగొచ్చే తెలుగు విద్యార్థులు 300 మార్కుల ఎఫ్ఎంజీఈ అర్హత పరీక్షలో 150 తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్ చేయాలి.

పీజీ మూడేళ్లు. వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా డ్యూటీ ఉండాలని కేంద్రం 1992లోనే చెప్పినా, రాత్రీపగలూ కలిసిపోయే డ్యూటీలు ఆగలేదు. 18వ ఏట చేరి, ఎక్కడా ఏడాది పోగొట్టుకోనివారికి ఎండీ, ఎంఎస్ చేతికొచ్చేసరికి 27 ఏళ్లు. డీఎం, ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సుల వైపు వెళ్తే మరో ప్రవేశ పరీక్ష, మరో మూడేళ్లు.

రోగుల మధ్య పనిచేసిన కాలాన్ని పీజీ సీటుకు లెక్కగట్టే మార్గం ఒకటుంది. ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు ఇన్‌సర్వీస్ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలదేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏళ్ల తరబడి కాన్పులు చేసిన మెడికల్ ఆఫీసరు ఆ కోటాలో సీటు అడగవచ్చు. దానికి ముందుగా అతను కూడా అవే 200 ప్రశ్నలు రాసి అర్హత సాధించాలి.