చప్పుడు పెరిగితే సత్తువ పెరుగుతుందా?

సాయంకాలం ఏడు గంటల వేళ తిరుపతి లీలా మహల్ కూడలిలోనో, చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గరో ఐదు నిమిషాలు నిలబడి, కళ్ళు మూసుకొని వినండి. బస్సుల హారన్లు, ఆటోల టపటపలు, బండ్లవాళ్ళ కేకలు వినిపిస్తాయి. ఇంతలో వీటన్నిటినీ మింగేస్తూ ఒక మోత వస్తుంది. డబడబమని పేలుతూ ఒక మోటారు సైకిలో, గొంతు చించుకొని అరుస్తూ ఒక చిన్న కారో దూసుకుపోతుంది. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడతాడు. మీ ఈడు పిల్లలు మాత్రం "అబ్బ, ఏం పికప్పురా!" అంటారు.

విద్యార్థులారా, ఆ మాటను గురించే ఈ నెల మీతో నాలుగు మాటలు చెప్పదలచాను. ఆ బండికి నిజంగా బలం పెరిగిందా, చప్పుడు మాత్రమే పెరిగిందా? కంపెనీ అమర్చిన సైలెన్సరును ఇంటి ముంగిట్లోనే విప్పేసి, బజారులో కొన్న మరో గొట్టాన్ని బిగించుకోవడం మన ఊళ్ళలో ఒక సరదా అయింది. బుల్లెట్లకైతే 'పంజాబీ', 'ఇండోరీ' అని పేర్లు. కార్లకు 'ఫ్రీ ఫ్లో', 'స్పోర్ట్స్' అని పేర్లు. మీ అన్నో, మేనమామో, పక్కింటి కాలేజీ కుర్రవాడో ఆ పని చేసి ఉండవచ్చు. రేపు మీకూ ఆ కోరిక పుట్టవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. బండి కింద దూరి నట్లు విప్పి చూడాలనే కుతూహలం మంచిది. అది సైన్సుకు మొదటి మెట్టు. కానీ తాను విప్పుతున్న వస్తువు ఏం పని చేస్తుందో తెలిసినవాడు, దానిని తీసి పారవేయడానికి ఒకటికి నాలుగుసార్లు ఆలోచిస్తాడు.

డబ్బాలో ఏముంది?

"సైలెన్సరులో అడ్డాలు పెట్టి ఇంజనుకు ఊపిరాడకుండా చేశారు. అవి తీసేస్తే బండి పరుగెడుతుంది" అని చాలామంది వాదిస్తారు. సరే, లోపల ఏముందో చూద్దాం.

సిలిండరులో పెట్రోలు మండగా పుట్టిన వేడి వాయువులు వాల్వు తెరుచుకోగానే ఒక్కసారిగా బయటికి ఉరుకుతాయి. నిండుగా ఊదిన బుడగను సూదితో పొడిస్తే 'టప్' మంటుంది కదా, ఇదీ అలాంటిదే. నాలుగు సిలిండర్ల కారు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకండుకు 50 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. కనుక నాలుగూ కలిసి సెకండుకు 100 సార్లు 'టప్' మంటాయి. చెవికి అవి విడివిడిగా వినిపించవు. 100 హెర్ట్జుల పౌనఃపున్యం గల ఒకే మోతగా కలిసిపోతాయి. ఒకే సిలిండరు ఉన్న బుల్లెట్ నిలిచిన చోటనే నిమిషానికి 960 చుట్లు తిరుగుతూ ఉంటే, సెకండుకు 8 దెబ్బలే. అందుకే దాని 'డబ్ డబ్' విడివిడిగా వినిపిస్తుంది.

ఈ దెబ్బలను మెత్తబరచడానికి సైలెన్సరులో మూడు ఉపాయాలు వాడతారు.

మొదటిది, వెడల్పు గది. సన్నని గొట్టం హఠాత్తుగా వెడల్పయిన గదిలోకి తెరుచుకుంటుంది. ఇరుకు సందులోంచి తేరువీధిలోకి వచ్చిన జనంలాగా వాయువులు అక్కడ పలుచబడి నెమ్మదిస్తాయి. ధ్వని తరంగంలో కొంత భాగం గది గోడలకు తగిలి వెనుదిరుగుతుంది. వెనుదిరిగిన తరంగంలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట, ముందుకు వచ్చే తరంగంలో ఒత్తిడి తక్కువగా ఉండేట్లు కొలతలు కుదిరిస్తే, రెండూ ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. దీనినే వ్యతికరణం అని మీరు పై తరగతుల్లో చదువుతారు.

రెండవది, సీసా ఉపాయం. ఖాళీ సీసా మూతి దగ్గర పెదవులు పెట్టి ఊది చూడండి. ఎప్పుడు ఊదినా 'బూ' అని ఒకే స్వరం వస్తుంది. సగం నీళ్ళు పోసి ఊదితే స్వరం మారుతుంది. సీసాకు తన స్వరం తనకుంటుందన్నమాట. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో దీనిని లోతుగా పరిశీలించాడు. సైలెన్సరులో చిన్న మెడ ఉన్న ఇలాంటి మూసిన గదిని గొట్టానికి పక్కగా కలుపుతారు. ఇంజను మోతలో ఆ గది స్వరం వచ్చినప్పుడల్లా, గదిలోని గాలి దానికి ఎదురు ఊగి అణచివేస్తుంది.

మూడవది, గాజు ఉన్ని. చిల్లులు పొడిచిన గొట్టం చుట్టూ దీనిని కూరుతారు. చిల్లుల్లోంచి దూరిన ధ్వని ఆ పోగుల మధ్య రాపిడికి లోనై కొంచెం వేడిగా మారిపోతుంది.

ఇక ఒక లెక్క చేయండి. గొట్టంలోని వాయువు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడి మీద ఉంటే, అందులో ధ్వని వేగం సెకండుకు సుమారు 480 మీటర్లు. దానిని 100తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 4.8 మీటర్లు. మన దేశంలో అమ్ముడుపోయే చిన్న కార్లలో చాలావాటి పొడవు 4 మీటర్ల లోపే. అంటే తరంగమే కారుకంటే పొడుగు! అంత తరంగాన్ని, బిందెకంటే కొంచెం పెద్దదైన డబ్బాలో అణచాలి. అందుకే గదుల కొలతలు ఇంజనుకొక రకంగా ఉంటాయి. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడు తగ్గించే సాధనానికి పేటెంటు పొందారు. అప్పటినుంచి నూరేళ్ళకు పైగా ఇంజనీర్లు చేసిన శ్రమ ఆ తుప్పు రంగు డబ్బాలో దాగి ఉంది.

బజారు గొట్టాలలో తరచు ఉండేది మూడవ ఉపాయం మాత్రమే. కొన్నిటిలో అదీ ఉండదు. పలుచని గాజు ఉన్ని కీచు స్వరాలను పీల్చుకుంటుంది కానీ, బొంగురు మోతను ఆపలేదు. గుండెలో దడ పుట్టించేది ఆ మోతే.

చప్పుడు వేరు, బలం వేరు

మోత పెద్దదైతే బలం పెద్దదని మన మనసుకు తోస్తుంది. సింహం గర్జన, ఉరుము మనకు అలా నేర్పాయి. కానీ లెక్క వేరుగా చెబుతుంది.

మీటరు దూరంలో 120 డెసిబెల్లు అంటే చెవి నొప్పి పుట్టించే చప్పుడు. అక్కడ ప్రతి చదరపు మీటరు గుండా ప్రవహించే ధ్వని శక్తి 1 వాటు. మీటరు వ్యాసార్ధం గల గోళం ఉపరితలం సుమారు 12.5 చదరపు మీటర్లు. అంటే అన్ని వైపులకూ కలిపి పోయే శక్తి 12.5 వాట్లు. మీ ఇంట్లోని ఎల్.ఇ.డి. బల్బు వాడుకునేపాటి శక్తి! 80 అశ్వశక్తుల కారు ఇంజను ఇవ్వగలిగింది సుమారు 60,000 వాట్లు. అందులో ఇంచుమించు ఐదువేలవ వంతుతోనే వీధి వీధంతా ఉలిక్కిపడుతుంది. చప్పుడును బట్టి ఇంజను బలాన్ని అంచనా వేయడం, గజ్జెల మోతను బట్టి ఎద్దు బలం లెక్కకట్టడం వంటిది.

"పందెం కార్లకు సైలెన్సర్లు ఉండవు కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. సైలెన్సరు వాయువులకు కొంత అడ్డు తగిలే మాట నిజమే. ఇంజను పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు ఆ అడ్డు తొలగిస్తే కాస్త బలం కలిసివస్తుంది. ఎప్పుడూ పూర్తి వేగంతో పరుగెత్తే పందెం కారుకు ఆ కాస్తా విలువైనదే. రేణిగుంట రోడ్డులో ఆటోల వెనుక నలభై కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు దానితో పనేమిటి?

కొన్ని బండ్లలోనైతే సైలెన్సరు కోస్తే బలం తగ్గుతుంది కూడా. యెజ్డీ, ఆర్.ఎక్స్. 100 వంటి టూ స్ట్రోక్ బండ్లు మీ నాన్నగారికి గుర్తుండి ఉంటాయి. వాటి పొగ గొట్టం ఆకారం ఊరికే పెట్టింది కాదు. సిలిండరులోంచి పొగతోపాటు తప్పించుకుపోబోయే కొత్త పెట్రోలు ఆవిరిని, గొట్టం చివర తగిలి వెనుదిరిగిన తరంగం మళ్ళీ లోపలికి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీలోని ఎం.జడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ కిటుకును బాగా అభివృద్ధి చేసి, చిన్న ఇంజన్ల నుంచే పెద్ద బలం రాబట్టాడు. ఆ గొట్టాన్ని అడ్డంగా కోసినవాడు చప్పుడును కొని బలాన్ని అమ్ముకున్నాడు.

నేటి కార్లలో ఇంకొక సంగతి ఉంది. పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచే సాధనం ఒకటుంటుంది. దానిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంట్లో బిగించిన అతుకు సరిగా కూడక, ఆ సాధనానికి ముందే బయటిగాలి లోపలికి చొరబడితే, పెట్రోలు చాలడంలేదని కంప్యూటరు పొరబడుతుంది. ఇంకా ఎక్కువ చిమ్ముతుంది. మైలేజి పడిపోతుంది.

వెనుకనున్న డబ్బా ఒక్కటే మారిస్తే చప్పుడు పెరుగుతుంది కానీ, పొగలోని విషం పెరగదు. ఇంజను దగ్గరుండే కెటలిటిక్ కన్వర్టరును కూడా తీసేస్తేనే అసలు ప్రమాదం. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడు, సరిగా కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడులు ఆ పూత మీదుగా పోయేటప్పుడు చాలావరకు కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. నాలుగు మహానగరాలలో 1995లో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చాయి. దానిని తీసేసిన కారు ముప్పై ఏళ్ళు వెనక్కి పోయినట్టే.

మోత ఎవరి చెవిలో?

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగముంది. అందులోని సన్నని రోమకణాలు ధ్వనిని నాడీ సంకేతంగా మారుస్తాయి. పెద్ద చప్పుళ్ళకు అవి చనిపోతే మళ్ళీ మొలవవు. అమెరికాలో పని స్థలాల ఆరోగ్యాన్ని పరిశీలించే సంస్థ సలహా ప్రకారం 85 డెసిబెల్ల చప్పుడులో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. లెక్కకట్టండి: 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి పావుగంట. బండి నడిపేవాడికి వీధిలోని వారికంటే ముందే చెవుడు వచ్చే అవకాశముంది.

తిరుపతిలో అలిపిరి వెళ్ళే దారినే రుయా ఆసుపత్రి, ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు మించరాదు. ప్రతి 10 డెసిబెల్లకు ధ్వని తీవ్రత పదింతలవుతుందని గుర్తుంచుకోండి. 90 డెసిబెల్లతో ఒక బండి అటు పోయిందనుకుంటే, ఆ 50 కంటే అది పదివేల రెట్లు తీవ్రం. లోపల నిన్ననే పుట్టిన పసిబిడ్డలుంటారు, ఆపరేషన్ అయి నిద్రపట్టక దొర్లుతున్నవారుంటారు.

చట్టం మాటా తెలుసుకోండి. బండికి సైలెన్సరు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

విప్పక తప్పనప్పుడు

సైలెన్సరు పాడైతే మార్చవలసిందే. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. దగ్గర దూరాలకే తిరిగే బండిలో ఆ ఆవిరి డబ్బాలోనే నీరై నిలిచి, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. డబ్బా అడుగున కనిపించే చిన్న రంధ్రం ఆ నీరు కారిపోవడానికే. తుప్పు తిన్న డబ్బాను తీసి, ఆ బండికి నిర్ణయించిన నమూనానే బిగించాలి.

ఇంటి దగ్గర ఆ పని చేసే పెద్దలకు మీరు మూడు మాటలు చెప్పండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి పోవద్దు. గట్టి స్టాండ్లు పెట్టాలి. గొట్టం పూర్తిగా చల్లారేదాకా ముట్టవద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి చూడవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అతుకు కారితే ఆ వాయువు కారులోకే రావచ్చు.

రోలరు కింద వద్దు, బల్ల మీద పెట్టండి

పట్టుబడిన సైలెన్సర్లను పోలీసులు వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం మన రాష్ట్రంలోనూ, ఇతర రాష్ట్రాలలోనూ చూస్తున్నాం. ఫోటోకు బాగానే ఉంటుంది. కానీ కొన్నవాడి గొట్టం నుజ్జయిన మర్నాడు కూడా అమ్మినవాడి దుకాణం తెరిచే ఉంటుంది. కుర్రవాడికి భయం కలిగింది. "సత్తువ పెరుగుతుంది" అన్న భ్రమ అలాగే ఉంది.

నేనొక సూచన చేస్తాను. వాటిలో కొన్నిటిని ఉన్నత పాఠశాలలకు ఇవ్వండి. మెకానిక్కు చేత రంపంతో నిలువునా కోయించి, పాడైన కంపెనీ సైలెన్సరు ఒకటి కూడా అలాగే కోయించి, రెండింటినీ సైన్సు గదిలో బల్ల మీద పక్కపక్కన పెడతాం. గదులు, మెడలు, చిల్లుల గొట్టాలు ఒకదానిలో. ఖాళీ గొట్టం ఇంకొకదానిలో. ధ్వని పాఠం అంతకంటే బాగా చెప్పే బొమ్మ ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ రెండూ చూసిన పిల్లవాడు పద్దెనిమిదేళ్ళు నిండాక బండి కొన్నప్పుడు దుకాణదారు మాట నమ్మడు.

"హారన్లు, లౌడ్ స్పీకర్లు మాత్రం తక్కువ తిన్నాయా?" అని కొందరంటారు. నిజమే, వాటినీ తగ్గించవలసిందే. అయితే వాటి సంగతి ఇంకా తేలవలసి ఉంది. సైలెన్సరు సంగతి నూరేళ్ళ క్రితమే తేలింది. తేలిన దానిని డబ్బిచ్చి మరీ పాడుచేసుకోవడం ఎందుకు?

ఈ ఆదివారం ఒక పని చేయండి. పెద్దవారి ఫోనులో చప్పుడు కొలిచే యాప్ వేయించుకొని, మీ వీధి అరుగు మీద కూర్చొని, గంటసేపు పోయే బండ్లను వాటి అంకెలతో సహా పుస్తకంలో రాయండి. ఫోను అంకెలు ఖచ్చితమైనవి కావు కానీ, బండికీ బండికీ తేడా తెలుసుకోవడానికి చాలు. ఆ పట్టికను మీ అన్నకు చూపించి, పైన చెప్పిన పన్నెండున్నర వాట్ల లెక్క ఆయన చేతనే చేయించండి.