ఇంటిపేరు అడిగే అద్దె గది

అమెరికాలో ఉద్యోగం వచ్చి ప్రయాణానికి సిద్ధమవుతున్న మా పూర్వ విద్యార్థి ఒకరు ఆ మధ్య ఫోన్ చేశారు. ‘సార్, గది కోసం మాట్లాడుతుంటే ఇంటిపేరు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?’ అన్నది ఆయన ప్రశ్న. ఆయన ఇంటిపేరు అనేక కులాల్లో ఉన్నదే. అందుకే అది చెప్పగానే ఊరు అడిగారు. ఊరు చెప్పాక ‘మీవాళ్ళు ఎవరు’ అన్నారు. ఆ మూడో ప్రశ్నకు జవాబిచ్చిన సాయంత్రమే, గది వేరేవాళ్ళకు ఇచ్చేశామని కబురొచ్చింది. వారం తిరగకుండానే అదే గది ప్రకటన అదే వాట్సాప్ బృందంలో మళ్ళీ కనబడింది. వీసా అధికారి అడగని ప్రశ్నను, ఉద్యోగమిచ్చిన సంస్థ అడగని ప్రశ్నను, సాటి తెలుగువాడు అడిగాడు.

‘ఆ గది కాకపోతే ఇంకొకటి, అమెరికాలో ఇళ్ళకేం కరువు?’ అని అనిపించవచ్చు. కొత్తగా వెళ్ళినవారి స్థితి తెలియకపోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. అక్కడ అపార్ట్‌మెంట్ యాజమాన్యాలు సాధారణంగా క్రెడిట్ హిస్టరీ చూస్తాయి, అద్దెకు మూడు రెట్ల నెలసరి ఆదాయం చూపమంటాయి, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. నిన్న విమానం దిగిన మనిషి దగ్గర వీటిలో ఏదీ ఉండదు. అందువల్ల అప్పటికే లీజు తీసుకున్నవారి ఇంట్లో ఒక గదో, గదిలో సగమో పంచుకోవడం తప్ప అతనికి మార్గం లేదు. ఆ లీజులున్నది ముందుగా వెళ్ళిన మన భాషవారి చేతుల్లోనే. కొత్తగా వెళ్ళినవారికి ఈ పరిచయాల వలయమే తొలి ద్వారం. ఆ ద్వారం దగ్గరే కులం కాపలా కూర్చుంది.

పైగా ఆ గదిలో దొరికేది పడక ఒక్కటే కాదు. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో, కారు లైసెన్సుకు ఎక్కడికి వెళ్ళాలో, ఏ సంస్థలో ఖాళీలున్నాయో, ఎవరు సిఫారసు చేయగలరో తెలిసేది రాత్రి భోజనాల దగ్గరే. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరో దారి చూసుకోవాలి. ఆ రెండు నెలలూ అద్దె పంచుకునే సాటి మనుషులే ఆసరా. గది నిరాకరించడమంటే ఈ ఆసరాలన్నిటినీ నిరాకరించడమే. ఊరికి దూరంగా వెలివాడ ఉన్నప్పుడు కోల్పోయింది కూడా గుడిసె వేసుకునే జాగా ఒక్కటే కాదు; బావి, బడి, బాట, సమాచారం అన్నీ ఊరివైపే ఉండిపోయాయి.

చట్టం ఏం చేయగలదు? అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం వంటి కారణాలతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. అందులో కులం అన్న మాట లేదు. ఆ లోటును గుర్తించి 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి, క్షమా సావంత్ ప్రతిపాదనపై, ఉద్యోగంతో పాటు అద్దె ఇళ్ళలోనూ కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. కాలిఫోర్నియాలో ఆయిషా వహాబ్ తెచ్చిన బిల్లును శాసనసభ ఆమోదించినా, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నర్ న్యూసమ్ అదే ఏడాది అక్టోబరులో వీటో చేశారు. సియాటెల్ బాట సరైనదే, అది విస్తరించాలి. అయితే దాని హద్దు కూడా తెలుసుకోవాలి. ఒకే ఇంట్లో కలిసి ఉండే రూమ్మేట్‌ను ఎంచుకోవడానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం వర్తించదని 2012లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అంటే యజమానికీ అద్దెదారుకూ మధ్య చట్టం నిలబడగలదు గానీ, ఇద్దరు అద్దెదారుల మధ్య నిలబడలేదు. కొత్తవారికి కులం ఎదురయ్యేది సరిగ్గా ఆ రెండో చోటే.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది: ఎవరితో కలిసి ఉండాలన్నది వ్యక్తిగత స్వేచ్ఛ కాదా? ఒకే వంటగది పంచుకునేవారు ఆహారపు అలవాట్లు చూసుకోవడం తప్పెలా అవుతుంది? ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పడకగది దాకా పోలీసు రావాలని ఎవరూ కోరరు. కానీ ‘ఈ ఇంట్లో మాంసం వండకూడదు’ అన్నది వంటింటి నియమం. ఆ నియమాన్ని పాటిస్తానన్న మనిషికి కూడా గది దొరకకపోతే, అడ్డుపడింది కూర కాదు, కులం. ఇక స్వేచ్ఛ మాట. ఒక్కరు ఒకరిని వద్దనుకుంటే అది ఇష్టాయిష్టం. పదిమంది విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, ఒకే రకం మనిషిని వద్దంటే అది సామాజిక వ్యవస్థ. పల్లెలో వెలివాడను కూడా ఎవరూ తీర్మానం చేసి కట్టలేదు.

ఈ వ్యవస్థకు సముద్రం అడ్డు కాదన్న సంగతి అంబేడ్కర్ జీవితంలోనే, తలకిందులుగా, కనబడుతుంది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన న్యూయార్క్‌లో నవల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఒకే వసతిగృహంలో ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. చదువు మధ్యలోనే ఆపి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన ఆయనకు ఆ నగరంలో తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలతో వచ్చిన పార్సీల గుంపు ఆయనను అక్కడినుంచి వెళ్ళగొట్టింది. ఇద్దరు మిత్రులు కూడా ఏదో ఒక సాకు చెప్పాక, తోటలో కూర్చుని కాలం గడిపి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. న్యూయార్క్‌లో గది పంచుకున్నదీ, బరోడాలో గెంటివేసిందీ ఒకే సమాజపు మనుషులు. న్యూయార్క్‌లో కులాన్ని గుర్తుపట్టే కళ్ళు చుట్టూ లేవు, బరోడాలో ఉన్నాయి. తేడా అంతే. నేడు ఆ కళ్ళను మనం సూట్‌కేసుల్లో సర్దుకుని న్యూజెర్సీకీ డల్లాస్‌కూ పట్టుకెళ్తున్నాం.

పట్టుకెళ్తున్నది ఇక్కడినుంచే కదా. హైదరాబాద్, విజయవాడ వీధుల్లో టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టిన దళిత, ముస్లిం కుటుంబాలు ఈ ప్రశ్నలన్నీ ముందే విన్నాయి. అస్పృశ్యత పేరుతో నివాసాన్ని అడ్డుకోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. అయినా ‘ఇల్లు అప్పుడే ఇచ్చేశాం’ అన్న మాటను ఏ న్యాయస్థానంలో రుజువు చేయగలం? విశ్వవిద్యాలయాలూ దీనికి అతీతం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేతకు గురైన ఐదుగురు విద్యార్థులు ఆరుబయట వేసుకున్న శిబిరానికి పెట్టుకున్న పేరు ‘వెలివాడ’. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు లేకుండా పోయారు. అధ్యాపకుడిగా నేను బోధించే ఏ పాఠమూ ఆ పేరుకు జవాబు కాదు.

చట్టం చేరలేని చోటికి సమాజం చేరాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు, కొత్తవారిని నియమించుకునే సంస్థలు తొలి మూడు నెలలకైనా క్రెడిట్ హిస్టరీతో పనిలేని వసతి కల్పిస్తే, పరిచయాల వలయం మీద ఆధారపడే అవసరమే తగ్గుతుంది. సమానత్వం గురించి వేదికలెక్కే తెలుగు సంఘాలు తమ బృందాల్లో గది ప్రకటనలకు ఒక నియమం పెట్టుకోవచ్చు: అద్దె, దూరం, వంటింటి నియమాలు చెప్పాలి, ఇంటిపేరు, ఊరు, ‘మీవాళ్ళు’ అడగకూడదు. దీనికి డబ్బు ఖర్చు కాదు, వీసా అక్కర్లేదు. విదేశాలకు వెళ్ళే విద్యార్థులకు ఇంగ్లీషు పరీక్షలూ ఇంటర్వ్యూ మెళకువలూ నేర్పే మన కళాశాలలు ఈ ఒక్క పాఠాన్ని కూడా చేర్చాలి.

ఆ పూర్వ విద్యార్థికి చివరకు ఒక మెక్సికన్ కుటుంబం ఇంట్లో గది దొరికింది. అద్దె ఎప్పుడిస్తావు, రాత్రి ఎన్నింటికి వస్తావు అని మాత్రమే వాళ్ళు అడిగారట. ఆ మాట చెబుతూ ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అపరిచితులు అడగకుండా వదిలేసిన ప్రశ్నను సొంత భాష అడిగిందంటే, సిగ్గుపడవలసింది జవాబు చెప్పలేకపోయినవాడు కాదు.